ఇద్దరు జామీనుదార్లు

దూది ఏకే మిషను అరవై వేలంట.
ఆదోని యార్డులో పత్తి బండ్లు దిగేలోపల
అది మా ఇంట్లో ఉండాల.
లేదంటే పరుపులు కుట్టించుకునేటోళ్లు
బైపాసు కాడ కొత్తంగడికి పోతారు,
స్పంజి కొనుక్కుంటారు,
మళ్లా మా సందు మొగం చూడరు.

మా మస్తానుకు బ్యాంకు మీదే గురి.
ఇస్త్రీ చొక్కా ఏసుకుని నన్నూ తోలకపోయ.
టోకెను నూట పదిహేడు.
లోపల చల్లగా ఉండాది.
ఎవురూ తిట్టలే, ఎవురూ కూర్చోమనలే.
నా తలలో ఇరుక్కున్న దూది పింజ ఒకటి
ఆ నున్నటి నేల మీద రాలి
నాకంటే ముందు కౌంటరు దాకా దొర్లుకుంటా పోయ.
ఆ పాప మంచిదే. కంప్యూటర్లోకి చూసి
"స్కోరు లేదమ్మా, ఎప్పుడూ అప్పు చేయలేదా?" అనె.
చేయలేదు తల్లీ.
దానికే లేదంట.
ముప్పయ్యేండ్లు ఊరి ఈపుల కింద
పరుపునై పరుచుకున్న దాన్ని,
ఆ యంత్రం లెక్కలో నేనింకా పుట్టనే లేదు.
ఇంటి పట్టా తెండి, మూడేండ్ల లెక్కలు తెండి, చూద్దామనిరి.
వడ్డీ ముప్పావలా.

సంఘం మా సందు కొసలో.
రేకుల గది, ఒక బీరువా,
గోడకు బాకీదార్ల పట్టీ, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చదవొచ్చు.
కార్యదర్శి సుంకన్న లెడ్జరు తెరవకముందే
నా పుట్టుపూర్వోత్తరాలు తెరిచె.
"దూదేకుల ఉసేనమ్మ కూతురివి గదా.
మీ యమ్మకు నోరు పెద్దది, బాకీ చిన్నది."
వడ్డీ రూపాయి.
"ఇద్దరు జామీను కావల్ల."

మా యమ్మ పాసుబుక్కు ఇంకా జొన్నల డబ్బాలో ఉండాది.
పదకొండొందల నలభై.
అది ఇంకో సంఘం, ఇంకో కార్యదర్శి.
ఒక శుక్రారం పొద్దున తలుపుకు తాళం ఏసి
వాడు గుంతకల్లులో బండెక్కినాడు.
మా యమ్మ మూడు దినాలు ఆ తాళం ముందర కూర్చుండె,
తాళానికి మనిషి మాట అర్థమవుతాదన్నట్టు.
మస్తాను ఆ పుస్తకం తెచ్చి నా ముందర పెట్టె.
ఏమీ అనలే.

అయినా సందంతా తిరిగితి.
చిన్నాయన కొడుకు చాయ్ తాపిచ్చి
"వచ్చే నెల చూద్దాం లే అక్కా" అనె.
మిల్లు వాచ్‌మన్ జయరాజు
కాగితం రెండు సార్లు చదివి సంతకం పెట్టె.
ఇంకొకరు?
ఉగ్గాని బండి ఉరుకుందమ్మ.
కుళాయి కాడ బిందె జరిపినానని
ఏడాదిగా నాతో మాటల్లేవు దానికి.
బజ్జీల పిండి చేతులు కొంగుకు తుడుచుకుని
ఎంత అని గూడా అడక్కుండా ఏలు పెట్టె.
"బిందె సంగతి వేరే" అనె, నూనెలోకే చూస్తా.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
బ్యాంకులో అయితే మునిగితే నేనే మునుగుతా.
ఈడ నేనొక కంతు తప్పితే
ఉరుకుందమ్మ బాణలికి నోటీసు అంటిస్తారు.
ఏది బరువు తక్కువ,
మొగం లేని అప్పా,
పొద్దున్నే బిందె పట్టుకుని ఎదురొచ్చే అప్పా?
తెల్లారేదాకా తేలలే.
తెల్లారినాక సంఘానికే పోతి. ఎందుకని అడగొద్దు.

కొత్త పాసుబుక్కు డబ్బాలో పెట్టలే.
గోడకు మేకు కొట్టి, పేరు కనపడేతట్టు తగిలిస్తి.
నెల నెలా పోయి లెడ్జరు చూపియ్యమంటా.
"నా మీద నమ్మకం లేదా" అంటాడు సుంకన్న.
నేనూ సభ్యురాలినే, చూపియ్యి, అంటా.

మిషను వచ్చినాక రెండో నెల,
రాత్రి ఉరుకుందమ్మ వాకిట్లో నిలబడె.
కొత్త బండి చేపిస్తాదంట. జామీను కావల్లంట.
ఇన్నేండ్లలో నా సంతకం కావల్లని
ఎవురూ గడప తొక్కలే.
కాగితం దీపం కాడికి తీసకపోయి
రెండు సార్లు చదివితి. మూడోసారి గూడా.
అది గోడనానుకుని కనిపెట్టుకోనుండె.
పేరు రాసి చేతికిచ్చి
"బిందె సంగతి వేరే" అంటి.